టబ్బులో ముందు మామయ్య

లోకంలో ఏ వస్తువైనా సరే, ముందు తన మీద ప్రయోగం జరగనిదే ఇంకొకరి దగ్గరికి పోకూడదన్నది మా మామయ్య నియమం. కొత్త కుర్చీ వస్తే ముందు తను కూర్చోవాలి. కొత్త సబ్బు వస్తే ముందు తను రుద్దుకోవాలి. అత్తయ్యకి కొత్త చెప్పులు కొంటే, మడమ సగం బయటికి వేలాడుతున్నా వాటితో వరండా అంతా తిరిగొచ్చి, "ఆఁ, కరవవు. వేసుకో" అంటాడు. ఆయన వేసుకు తిరిగాక అవి ఇంకెవరినీ కరిచే స్థితిలో ఉండవు.

మా బిల్డింగులో అందరూ ఆయన్ని చాటుగా 'ముందునేను' అంటారు. ఆ పేరు పెట్టింది కింది వాటాలో ఉండే మాష్టారు. ఎదురుగా పిలిచినా మామయ్య ఏమనుకోడు. పేరు నోటికి సరిగ్గా తిరుగుతోందో లేదో ముందు తనే పిలిచి చూసుకుంటాడు, అంతే.

ఈ జబ్బు ఆయనకి పనిలోంచి వచ్చింది. మామయ్య లిఫ్టుల మెకానిక్కు. బాగుచేసిన లిఫ్టులో ముందు తనొక్కడే ఎక్కుతాడు. పైదాకా వెళ్ళి, దిగి, మధ్యలో నాలుగు గెంతులు గెంతి, నవ్వుతూ తలుపు తీస్తేనే మిగతా జనానికి ప్రవేశం. ఓసారి ఒక ఆఫీసు యజమాని తొందరలో కాలు లోపల పెట్టబోయాడు.

"తప్పుకోవయ్యా, పైన మీటింగుంది."

"ముందు నేనండీ."

"ఈ బిల్డింగు నాదయ్యా!"

"బిల్డింగు మీదేనండీ. లిఫ్టు ఇంకా నాదే."

యజమాని రుసరుసలాడుతూ మెట్లెక్కాడు. ఆయన సగం దారిలో గోడ పట్టుకుని రొప్పుతుంటే ఆ అంతస్తులోనే లిఫ్టు ఆగింది. మామయ్య తలుపు తీసి, "ఇప్పుడు రండి, బంగారంలా ఉంది" అన్నాడు.

నా పెళ్ళి ఆల్బమ్ తెరిస్తే మొదటి ఫోటోలో పెళ్ళికూతురిని నేను. పక్కన వరుడి కుర్చీలో మామయ్య. కుర్చీ కాలు కదులుతోందేమోనని చూడ్డానికి కూర్చున్నాడు, ఫోటోగ్రాఫరు నొక్కేశాడు. ఇక వాళ్ళింట్లో టీ అంటే ఎవరికైనా ముప్పావు కప్పే. మిగతా పావు ముందుగానే పరీక్షకి పోతుంది.

ఈ స్నానాల గొడవ మొదలైనప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్ళు. ఇంట్లో పిచ్చుక అంటాం. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక చర్మం ఎర్రబడి, పొలుసులు లేచి, గోకిగోకి పుళ్ళు పడ్డాయి. డాక్టరమ్మ చూసి ఎగ్జిమా అంది. పూతమందు రాసిచ్చి, "మందు సరే, రోజూ గోరువెచ్చని నీళ్ళలో కాసేపు కూర్చోబెట్టండి. వాసన సబ్బులొద్దు. వంటింట్లో మామూలు ఓట్స్ ఉంటే మెత్తగా పొడి చేసి ఆ నీళ్ళలో కలపండి, దురద నెమ్మదిస్తుంది. రుద్దొద్దు, అద్ది తుడవండి. తడి ఆరకముందే మందూ వాసలీనూ రాయండి. పుళ్ళు కడక్కుండా వదిలేస్తే చీము పడతాయి" అని చెప్పింది.

అంతా బాగానే ఉంది, పిల్ల నీళ్ళలో దిగితేగా! ఒకసారి సబ్బునీళ్ళు తగిలి భగ్గుమన్న దగ్గర్నుంచి దానికి నీళ్ళంటే హడలు. కొళాయి చప్పుడు వింటే మంచం కిందికి దూరేది. నేను ముందు నుంచి లాగితే మా ఆయన వెనక నుంచి తోసేవాడు. చివరికి మేమిద్దరం తడిసి ముద్దయ్యేవాళ్ళం, అది మాత్రం పొడిపొడిగా ఉండేది.

సలహాలకేం కరువు?

"ఉప్పునీళ్ళమ్మా!" అన్నారు మాష్టారు. "సముద్రంలో చేపకి ఎగ్జిమా రావడం ఎక్కడైనా చూశావా?"

"ఉప్పేంటండీ, వెనిగర్ పొయ్యాలి. చుక్కలు కాదు, సీసా!" అంది పక్కింటావిడ.

మామయ్య లేచి నిలబడ్డాడు. "ఓట్స్ గానీ, ఉప్పు గానీ, ఒక్క చుక్క కూడా పిల్ల మీద పడ్డానికి వీల్లేదు. ముందు నేను."

పిచ్చుక స్నానానికని కొన్న ప్లాస్టిక్ టబ్బు వాళ్ళింటికి ఎత్తుకుపోయాడు. మామయ్య భారీ మనిషి. మోకాళ్ళు చెవులకి ఆనించుకుంటే తప్ప అందులో పట్టడు. ఆయన కూర్చోగానే నీళ్ళన్నీ బయటికొచ్చి ఆయనొక్కడే మిగిలాడు. ఎలాగో ఉప్పునీళ్ళ పరీక్ష ముగించి, తుండు చుట్టుకుని వచ్చి, "ఏం మండలేదే! హాయిగా ఉంది" అని ప్రకటించాడు.

"మీకేం మండుతుంది?" అంది అత్తయ్య. "ఆ తోలు చూస్తే గేదె కూడా సిగ్గుపడుతుంది. పాప ఒంటి మీదున్నవి పుళ్ళండీ, మహానుభావా!"

ఆ సాయంత్రం నాకు టీ ఆయనే తెచ్చిచ్చాడు. నిండు కప్పు. నాకు నిజంగా భయమేసింది.

మర్నాడు మళ్ళీ ఉప్పునీళ్ళలో కూర్చున్నాడు. ఈసారి పెట్టిన కేకకి మాష్టారు కింది నుంచి పరిగెత్తుకొచ్చారు.

"ఉప్పు రద్దు!" అన్నాడు మామయ్య తలుపు వెనక నుంచి.

"నిన్న హాయిగా ఉందన్నారుగా?" అంది అత్తయ్య.

"నిన్న సంగతి నిన్నే. రద్దంటే రద్దు."

వెనిగర్‌కి కేక రాలేదు, గర్జన వచ్చింది. ఆ వాసన ఒక పట్టాన వదల్లేదు. ఆయన ఎక్కిన లిఫ్టులోంచి జనం తర్వాతి అంతస్తులోనే దిగిపోయి మెట్లు పట్టుకున్నారు. పక్కింటావిడ ఆ వారమంతా మా గుమ్మం వైపు రాలేదు.

చివరికి ఓట్స్ వంతు వచ్చింది. అలమారలో సగం వాడి వదిలేసిన పొట్లం ఉంది. పొడి చెయ్యమని డాక్టరమ్మ చెప్పిన ముక్క మరిచి అలాగే పోశాడు. బాత్రూం గొట్టం పూడుకుపోయింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "దీన్ని తియ్యడానికి కూడా ముందు మీరేనా?" అంది. ఆయనే. ముందూ ఆయనే, వెనకా ఆయనే.

తర్వాత మిక్సీలో వేసి పిండికన్నా మెత్తగా చేశాడు. చెంచాడు పొడి గ్లాసు నీళ్ళలో వేసి కలిపితే పాలలా తెల్లబడి, అడుగున పేరుకోకుండా నిలిచింది. ఆ గ్లాసు అందరికీ చూపించుకుంటూ తిరిగాడు. మాష్టారు పాలేననుకుని తాగేశారు. ఇంకో గ్లాసు కలపాల్సి వచ్చింది.

ఆ నీళ్ళలో కూర్చున్న మామయ్య నుంచి చప్పుడు లేదు. అత్తయ్య కంగారుగా తలుపు కొట్టింది. "ఏవండీ, ఉన్నారా?"

"ఉన్నానే... ఇది పనిచేస్తోంది."

సరిగ్గా ఆ మర్నాడే అత్తయ్య గగ్గోలు. ఎండలు మండిపోతుంటే ఈయన పొడుగు చేతుల చొక్కాలు వేసుకుంటున్నాడేమిటా అని చెయ్యి పైకి లాగి చూసిందట. మోచేతి మడతలో ఎర్రగా, కమిలిపోయిన మచ్చ! "పాప టబ్బులో కూర్చోవద్దంటే విన్నారా? అంటుకుంది!" అంటూ మాతోపాటు ఆయన్నీ డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకొచ్చింది.

"ఎగ్జిమా అంటుకునే జబ్బు కాదమ్మా" అంటూ డాక్టరమ్మ ఆ చెయ్యి దీపం కింద పెట్టి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. "ఈ గీతలేంటి? దేనితో రుద్దారు?"

మామయ్య కిటికీ వైపు చూశాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా."

"గిన్నెలు తోమే పీచుతోనండీ."

ముందు తేరుకున్నది అత్తయ్యే. "నా కొత్త పీచు కనపడకుండా పోయింది అందుకా!"

"నాది గేదె తోలని ఇదే అందండీ" అన్నాడు మామయ్య సంజాయిషీగా. "నిజమే కదా. ఆ తోలుతో చూసి, పాపకి మండదని నేనెలా చెప్పను? అందుకని కాస్త పలచన చేసుకున్నా. ఉప్పుకి ప్రాణం పోయిందండీ. ఓట్స్‌కి మాత్రం పోలేదు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూనే గట్టిగా చివాట్లు పెట్టింది. "పిల్లది సున్నితమైన ఒళ్ళు. మీ చేతికి మండకపోతే దానికీ మండదని లెక్కేం లేదు. ఇంకోసారి పీచు ముట్టుకున్నారో, చూడండి!" ఇద్దరికీ ఒకటే వైద్యం చెప్పి పంపింది. ఓట్స్ నీళ్ళు, అద్ది తుడవడం, వాసలీను. దారి పొడుగునా అత్తయ్య ఆయన్ని తిడుతూనే ఉంది, ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. వెనక నడుస్తున్న నేను, ఈయన మా అమ్మ తోడబుట్టినవాడని దారినపోయే ప్రతివాళ్ళకీ చెప్పాలనుకున్నాను.

ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్ళు పెట్టి, పొడి కలిపాను. పిచ్చుక అలవాటు ప్రకారం మంచం కిందికి దూరింది. దాన్ని ఎవరూ పిలవలేదు. మామయ్య టబ్బు పక్కన కింద కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి, నీళ్ళలో పెట్టబోయి ఆగాడు. డాక్టరమ్మ తిట్టిన తిట్లకి కళ్ళు ఇంకా చెమ్మగానే ఉన్నాయి.

మంచం కింద నుంచి ఒక తల బయటికొచ్చింది. "తాతయ్యా, నీకూ పుండా?"

"ఆఁ, నాకూ."

"మండుతుందా?"

"ఏమో తల్లీ, భయంగా ఉంది."

పిచ్చుక పాకుతూ వచ్చింది. ఆ మచ్చని దగ్గరగా చూసి, తన మోచేతిని పక్కన పెట్టి పోల్చుకుంది. తర్వాత గౌను విప్పేసి, టబ్బులో దిగి కూర్చుని, రెండు చేతులతో ఆయన చేతిని పట్టి మెల్లగా నీళ్ళలో ముంచింది.

"చూశావా, మండట్లేదు. ఏడవకూడదు. గోకకూడదు. పెద్దవాడివి కదా!"

"సరేనమ్మా" అన్నాడు మామయ్య, బుద్ధిగా.

నేనూ, మా ఆయనా, అత్తయ్యా గుమ్మంలోనే నిలబడ్డాం. కాసేపటికి అత్తయ్య తువ్వాలు పట్టుకుని ముందుకొచ్చింది. "చాల్లే పిచ్చుకా, ఎక్కువసేపు నానకూడదని డాక్టరమ్మ చెప్పింది. బయటికి రా."

పిచ్చుక కదల్లేదు. తాతయ్య చెయ్యి మీద తెల్లటి నీళ్ళు దోసిళ్ళతో పోస్తూ, తలెత్తి కోపంగా చూసింది.

"ఉండు అమ్మమ్మా! తాతయ్యకి ఇంకా తగ్గలేదు."