రెప్పల బాబాయి, రాతి బొటనవేలు

రెప్పల బాబాయికి పెళ్లికి ముందు ఎవరో ఒకావిడ మీద మనసుండేదనీ, పార్కులో కూర్చున్న రాతి మనిషిది అచ్చం ఆవిడ పోలికేననీ, అందుకే ముప్ఫై ఏళ్లుగా ఆ విగ్రహం మొహాన్ని ఒక్క ఫోటోలోనూ పడనివ్వలేదనీ వీధి వీధంతా చెప్పుకుంటోంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ పొగ మాత్రం ఇస్త్రీ అక్క బొగ్గుల పెట్టెలోంచి వచ్చింది. అసలు జరిగింది వేరు.

ఆ రాతి మనిషి నాలుగంతస్తుల ఎత్తు. ఒక మోకాలు ముడిచి, రెండో కాలు గడ్డిలోకి చాపి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా ఎవరి కోసమో చూస్తున్నట్టు కూర్చుని ఉంటుంది. చాపిన కాలి బొటనవేలి మీద ఇద్దరు పెద్దవాళ్లు చంకలో పిల్లతో సహా కూర్చోవచ్చు. జనం కూర్చుని కూర్చుని ఆ వేలు అద్దంలా నున్నబడింది. బాబాయి ఆ వేలికి సరిగ్గా తొమ్మిది అంగల దూరంలో నేలలో ఒక ఇటుక పాతుకున్నాడు. దాని మీద నిలబడి కెమెరా కంటికి ఆనించి, "రెప్ప వెయ్యకండి! బాబూ, నిన్నే, రెప్ప!" అని అరుస్తాడు. పేరు అలా స్థిరపడింది. కళ్లు మూసుకున్న ఫోటో ఇన్నేళ్లలో ఒక్కటి కూడా ఆయన గడప దాటలేదు.

ఆ ఇటుక మీంచి తీస్తే మనుషులు నిండుగా పడతారు, వెనక రాతి మనిషి మోకాలి దాకా పడుతుంది. అంతే. చుట్టుపక్కల ఏ ఇంటి గోడ చూసినా ఆ వేలూ, ఆ మోకాలే. బడిలో పిల్లల్ని పార్కు బొమ్మ గీయమంటే సగం మంది తల లేకుండానే గీసుకొచ్చారట.

బాబాయి భార్యకు ఆ ఫోటోలతోనే జీవితం గడిచింది. ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని అంచులు కత్తిరించేదీ, కవర్లలో పెట్టేదీ ఆవిడే. మొహం ఎందుకు పడదని ఏనాడూ అడగాలనిపించలేదు. ఇస్త్రీ అక్క మాట విన్న దగ్గర్నుంచి మాత్రం చెవిలో జోరీగ దూరినట్టయింది.

ఆ మాట పుట్టడానికి కారణం ఉంది. సోమవారంనాడు పార్కు సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు.

"బాబాయ్, గేటు దగ్గర పెద్ద బోర్డు పెడుతున్నాం. విగ్రహం తలతో సహా నిండు ఫోటో కావాలి. శుక్రవారం సాయంత్రానికి తెచ్చిస్తే ఆ ఇటుక నీదే. లేదంటే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామంటున్నారు పైవాళ్లు. నా చేతుల్లో ఏం లేదు."

"మనుషులెవరూ వద్దా?"

"విగ్రహం చాలు బాబాయ్, మనుషులెందుకు?"

మంగళవారం వెళ్లాడు, బుధవారం వెళ్లాడు. రెండు రోజులూ ఖాళీ కెమెరాతో తిరిగొచ్చాడు. ముప్ఫై ఏళ్ల చోటు ఒక్క నొక్కుతో నిలబడుతుంది, ఆయన వేలేమో నొక్కనంటోంది.

"ఎలా నొక్కుతాడు చెల్లీ?" అంది ఇస్త్రీ అక్క, చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ. "గుండెల్లో దాచుకున్న మొహాన్ని తీసుకెళ్లి గేటుకు వేలాడదీయమంటే ఏ మగాడికి చేతులొస్తాయి?"

"ఆయన గుండెల్లో కఫం తప్ప ఇంకేం లేదక్కా. రాత్రంతా వింటూనే ఉన్నాగా."

"నువ్వు వినేది దగ్గు. అసలుది పైకి వినపడదు."

నవ్వేసి వచ్చింది గానీ, మర్నాడు గురువారం ఆయన మధ్యాహ్నం డబ్బా ఎవరితోనూ పంపకుండా తనే పట్టుకుని పార్కుకు నడిచింది.

బాబాయి ఇటుక మీద లేడు. ఎక్కడో పచ్చిక చివర, కంచె మొక్కలకు వీపు ఆనించి, స్టాండు మీద కెమెరా పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటండీ, అంత దూరం పారిపోయారు?"

"తల పట్టాలంటే ఇక్కడిదాకా రావాలి. డెబ్భై రెండు అంగలు. చూడు."

ఆవిడ కెమెరాలోంచి చూసింది. విగ్రహం మొత్తం పట్టింది. కానీ బల్ల మీద పెట్టుకునే బొమ్మలా ఉంది.

"ఓస్, ఇంతేనా ఇది?"

"అదీ! కింద ఒక మనిషి లేకపోతే అది అంత పెద్దదని ఎవడికి తెలుస్తుంది? పోనీ ఎవరినైనా నిలబెడదామంటే..." బాబాయి స్టాండు కాలు సర్దాడు. "మొట్టమొదటి రోజు ఒక కుటుంబాన్ని ఇక్కణ్నుంచే తీశాను. బొమ్మంతా రావాలని నా సరదా. ఫోటో చేతికిస్తే వాళ్ల ముసలావిడ అటు తిప్పి ఇటు తిప్పి, 'బాబూ, ఇందులో నా మనవడేడీ?' అంది. వెతికితే నాకూ కనపడలేదు. అందరూ నువ్వుగింజలంత ఉన్నారు. ఆ మర్నాడే ఇటుక పాతాను."

"నన్ను వెతికే ముసలమ్మలెవరూ లేరులెండి. నేను నిలబడతా."

డబ్బా గడ్డిలో పెట్టి, జుట్టు సర్దుకుని, డెబ్భై రెండు అంగలూ నడిచింది. ఆ వేలి ఫోటోల అంచులు కొన్ని వేలసార్లు కత్తిరించిందే తప్ప, దాని మీద ఒక్కసారీ కూర్చోలేదు. రాయి చల్లగా తగిలింది. పచ్చిక అవతలి నుంచి సన్నగా కేక వినపడింది.

"రెప్ప వెయ్యకు!"

సాయంత్రం బాబాయి ఫోటోను పెద్ద కాగితం మీద అచ్చు వేయించి తెచ్చి బల్ల మీద పరిచాడు. కింద వేలి మీద నువ్వుగింజంత మనిషి కూర్చోగానే, రాతి మనిషి నాలుగంతస్తులూ లేచి నిలబడింది. ఆవిడ మాత్రం భూతద్దం తీసుకుని నేరుగా పైకి, మొహం దగ్గరికి పోయింది. వానలకు అరిగిన ముక్కు. కనుబొమ్మ మీద పావురం. కాస్త ఓరగా తిరిగిన పెదవి. ఆయన తరఫు చుట్టాలందర్నీ, పాత వీధిలో ఇరుగుపొరుగుల్నీ ఒక్కొక్కరినే తలుచుకుంది. ఎవరి పోలికా తట్టలేదు. నిన్నట్నుంచీ నోట్లో నానుతున్న మాట ఇక ఆగలేదు.

"నిజం చెప్పండి, నేనేమీ అనుకోను. ఎవరండీ ఈవిడ?"

బాబాయి ఆవిడ చేతిలోంచి భూతద్దం తీసుకున్నాడు. దాన్ని మొహం మీంచి కిందికి, బొటనవేలి దాకా జరిపి, ఒంగి చాలాసేపు చూశాడు.

"నన్నడుగుతావేంటే? ముప్ఫై ఏళ్లూ ఎదురుగా కూర్చున్నవాళ్ల రెప్పలు కాసుకోడంతోనే సరిపోయింది. ఆ మొహాన్ని నేను సరిగ్గా చూసింది మొన్న మంగళవారం. అది సరే గానీ, నువ్వు కళ్లు మూసేశావు. రేపు పొద్దున్నే మళ్లీ వెళ్దాం."