చౌడేశ్వరి బస్సెక్కిన ఫారిన్ చిలక

ధర్మవరం డిపోలో కండక్టర్ చౌడేశ్వరి గొంతు తెలియనివాళ్లు లేరు. డోర్ దగ్గర నిలబడి "ముందుకు జరగండప్పా!" అందంటే చివరి సీటులో కునికేవాడు కూడా ఉలిక్కిపడి లేస్తాడు. తాగొచ్చిన వాళ్లకే జంకని మనిషి, రెక్కలున్న ప్రాణిని చూస్తే మాత్రం బెదిరిపోయేది. పెరట్లో కోడి ఎగిరితే వంటింట్లోకి దూరేది.

ఆ ఆదివారం హిందూపురం బస్సెక్కిన నాగరత్నమ్మ చేతిలో పంజరం ఉంది. లోపల పసుపుపచ్చ ఒళ్లు, నారింజరంగు తల ఉన్న ఫారిన్ చిలక.

"మా పాప ప్రశాంతిదమ్మా. ఊరికి పోతా నా దగ్గర ఇడిసిపెట్టింది. ఇచ్చేసొచ్చేదానికి పోతాండా" అంది నాగరత్నమ్మ. "నాకు దీన్ని ముట్టుకునేదే రాదు."

డ్రైవర్ కుళ్లాయప్ప వెనక్కి తిరిగాడు. "ఆడదైతే ఫ్రీ, మగదైతే టికెట్ కొట్టాల!"

బస్సంతా నవ్వింది.

పెనుకొండ దాటాక ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. పంజరం గొళ్లెం ఊడిపోయి, చిలక రివ్వున బయటికొచ్చి పైకడ్డీ మీద వాలింది. జనం కేకలు పెట్టారు. "కిటికీలు ముయ్యండి!" అని చౌడేశ్వరి అరిచింది. కుళ్లాయప్ప బస్సును పక్కకు ఆపాడు. ఒకాయన టవల్ విసరబోయాడు. నాగరత్నమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఇక తప్పదని చౌడేశ్వరి కళ్లు మూసుకుని, పైనుంచి చిలకను పట్టబోయింది. అది వేలు కొరికి, ఇంకో చివరకు ఎగిరిపోయింది.

చౌడేశ్వరి వేలి నుంచి రక్తం కారుతుండగానే నాగరత్నమ్మ కూతురికి ఫోన్ కలిపి, జరిగింది చెప్పి, స్పీకర్ పెట్టింది.

"అయ్యో అక్కా, పైనుంచి చెయ్యి పెడితే గద్దనుకుంటాది" అంది ప్రశాంతి. "ఈకలు బిగించుకోని ఉండాదా?"

"ఉండాది. కళ్లు చిన్నవి చేస్తాది, పెద్దవి చేస్తాది" అంది చౌడేశ్వరి.

"అట్లుంటే దగ్గరికి పోవద్దు. అందరినీ గమ్మునుండమను. నీ జుంకీలు తీసెయ్, లాగుతాది. దాని ముఖంలోకి చూడకుండా పక్కకు తిరిగి మెల్లగా మాట్లాడు."

మెల్లగా మాట్లాడటమంటే చౌడేశ్వరికి కొత్త. అయినా గొంతు తగ్గించి, "ఏం బంగారూ, హిందూపురం పోతామా? మీ అమ్మ కాసుకోనుండాది" అంది. ముందు సీట్లో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. కాసేపటికి చిలక ఈకలు వదులు చేసి, ఒళ్లు దులుపుకుంది.

"ఇప్పుడు ముంజేతికి టవల్ చుట్టుకోని దాని పొట్ట కింద పెట్టు. వేళ్లు మడుచుకో. పట్టుకోవద్దు, అదే ఎక్కాల. జామకాయ ఉంటే చూపించు."

ఒకామె సంచిలోంచి జామకాయ తీసి ముక్క కోసిచ్చింది. చిలక మొదట ఆమె చేతిని ముక్కుతో తడిమింది. చౌడేశ్వరి చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అది ఒక కాలు పెట్టింది, రెండోదీ పెట్టింది.

"ఎక్కిందబ్బా!" అంది ఆమె, గుసగుసగానే.

జామముక్క పంజరంలో పెడితే చిలక దాని వెంటే లోపలికి దూరింది. ఈసారి గొళ్లేనికి కుళ్లాయప్ప తాడు కట్టాడు.

హిందూపురం బస్టాండులో ప్రశాంతి సబ్బుతో చౌడేశ్వరి వేలు కడిగి, ఆస్పత్రికి తీసుకుపోయి ఇంజెక్షన్ వేయించింది. అప్పటినుంచి ఆ ఊళ్లో ఖాళీ దొరికితే చౌడేశ్వరి ప్రశాంతి ఇంటికి పోతుంది. చిలక మూడ్ బాగుంటే చేతిమీదికి వస్తుంది. లేనిరోజు ఆమె దూరంగా కూర్చుని కాఫీ తాగి, దానికి టాటా చెప్పి వచ్చేస్తుంది.