ఆట మధ్యలో శాలువా

మా వైపు ఎవరికైనా మర్యాద చెయ్యాలంటే శాలువా కప్పుతారు. బడిలో జెండా ఎగరేసినా శాలువానే, చెరువు నిండినా శాలువానే, వీధిలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా శాలువానే. కప్పించుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లి బీరువాలో దాచి, మళ్లీ ఇంకో సభలో ఇంకొకరికి కప్పుతాడు. ఎవరి సరదా వాళ్లది, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆట ఇంకా అయిపోకముందే, ఒక్క గోలు ముందున్న జట్టు గోల్‌కీపర్ని స్టేజీ దగ్గరికి పిలిచి శాలువా కప్పిన ఊరు ఈ భూమ్మీద మా ఆత్మకూరు ఒక్కటే అయ్యుంటుంది. ఆ గోల్‌కీపర్ మా తమ్ముడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నేను పుట్టింది ఆత్మకూరు, మెట్టింది ఉదయగిరి. ఉదయగిరి బస్టాండు దగ్గర మా ఆయనకు టైర్ల అంగడి ఉంది, దాని పక్క గదిలో నా కుట్టుమిషను. ఇంట్లో మాకు పెద్దగా పోట్లాటలు లేవు, ఫుట్‌బాల్ దగ్గర తప్ప. చుట్టుపక్కల ఊళ్లన్నీ క్రికెట్ పిచ్చిలో ఉంటే ఈ రెండు ఊళ్లకు మాత్రం ఎప్పుడు పట్టుకుందో ఫుట్‌బాల్ పట్టుకుంది. మా ఆయన ఉదయగిరి జట్టుకు అరుస్తాడు. నేను ఆత్మకూరుకు అరుస్తాను. పెళ్లయిన ఆడదానికి అత్తగారి ఊరే తన ఊరని మా అత్త చాలాసార్లు చెప్పి చూసింది. కూర విషయంలో, చీర విషయంలో ఆమె మాట విన్నాను గానీ ఈ విషయంలో వినలేదు.

మా తమ్ముడు ఆత్మకూరులో మోటార్ల వైండింగ్ చేస్తాడు. బోరుమోటారు కాలిపోయిందని మర్రిపాడు నుంచీ చేజర్ల నుంచీ రైతులు మోసుకొస్తే రాగి తీగ చుట్టి ఇస్తాడు. పొద్దుగూకితే గ్రౌండులో ఉంటాడు. చిన్నప్పటి నుంచీ వాడు గోలీయే, గోలు కాసేవాడే. పరిగెత్తి గోల్ కొట్టేవాడికి ఈలలు, వాడికి మోచేతుల నిండా గాట్లు. మా గ్రౌండు ఎర్రమట్టి, గులకరాళ్లు. ఒక్కసారి పక్కకి దూకితే మోచెయ్యి దగ్గర తోలు లేచిపోతుంది. "బంతి పోతే పోయింది, చెయ్యి పోతే ఎవుడిస్తాడురా!" అని మా అమ్మ కొబ్బరినూనె రాస్తూ శాపనార్థాలు పెట్టేది. చిరిగిన గ్లవుసులకు పాత జీన్స్ గుడ్డ అతుకులేసి కుట్టిచ్చేది నేను.

వాడికి ఉన్న కోరిక ఒక్కటే. నెల్లూరులో జిల్లా పోటీలు జరిగే గ్రౌండులో పచ్చగడ్డి ఉంటుంది. "ఆ గడ్డి మీద ఒక్కసారి డైవ్ కొట్టాలక్కా. పడితే ఎట్టుంటాదో చూడాల" అనేవాడు. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినా అదే మాట. చూడబోతే ఎంత చిన్న కోరిక! కానీ నెల్లూరుకు పోవాలంటే ముందు ఇక్కడ మా వైపు జట్లలో మా జట్టు మొదట రావాలి. ప్రతి ఏడూ ఉదయగిరే వచ్చేది. ఈమధ్య వాడి మోకాలు వాస్తోంది. ఈ ఏడు అయిపోతే ఇక ఆడలేనని వాడే చెప్పాడు. అంటే గడ్డి ఈ ఏడు చూడాలి, లేకపోతే లేదు.

ఈసారి ఆఖరి ఆట ఆత్మకూరులోనే పడింది. ఉదయగిరికి మాకంటే ఒక్క పాయింటు ఎక్కువ. వాళ్లకు సమానమైనా చాలు, నెల్లూరు బస్సెక్కుతారు. మేం మాత్రం గెలిచి తీరాలి. ఆ రోజు మధ్యాహ్నం మిషను మీద గుడ్డ కప్పేసి మా ఆయనతో కలిసి బస్సెక్కాను. బస్సు నిండా ఉదయగిరి జనమే. దారి పొడుగునా మా ఆయన నన్ను గిల్లుతూనే ఉన్నాడు.

"మీ తమ్ముడికి గడ్డే కదా కావాల్సింది? మా చేని గట్టున బోలెడు ఉండాది. ఒక మోపు కోసి పంపిస్తాలే."

"ఆ గడ్డేదో నువ్వే మెయ్యి" అన్నాను.

బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. అప్పటికి నాకూ నవ్వు వచ్చింది.

గ్రౌండు దగ్గరికి పోయేసరికి మధ్య గీతకు ఎదురుగా షామియానా వేసి, స్టేజీ కట్టి, కుర్చీలు వేసి ఉంచారు. ముందు వరసలో మా అమ్మ కూర్చుని ఉంది. కుర్చీల్లో ఆడవాళ్లకు చోటిచ్చారని ఆమెకు మహా సంబరం. ముఖ్య అతిథి మా ఊరి పెద్దమనిషి ఒకాయన. ఈ ఊళ్లో ఏ పంచాయితీ అయినా ఆయన దగ్గర తెగాలి, ఏ పెళ్లి అయినా ఆయన అక్షింతలు పడాలి. ఆయన వచ్చేదాకా ఆట మొదలుపెట్టలేదు. వచ్చాక ఆయన బంతిని చెప్పుకాలితో తన్నాడు, ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్లీ తన్నాడు.

ఆట గురించి చెప్పాలంటే, అంత మంచి ఆట మా తమ్ముడు ఎప్పుడూ ఆడలేదు. మొదటి సగంలో ఉదయగిరికి పెనాల్టీ వచ్చింది. మా ఆయన ఉన్న వైపు అప్పుడే ఈలలు మొదలయ్యాయి. కొట్టేవాడు ఎడమ పక్కకు బలంగా కొట్టాడు. మావాడు ఆ రాళ్ల మీద అమాంతం పడి, వేళ్లతో బంతిని స్తంభం అవతలకి నెట్టాడు. లేచేసరికి మోచెయ్యంతా ఎర్రగా ఉంది, మట్టో నెత్తురో తెలియలేదు. నా గొంతు అక్కడే పోయింది. రెండో సగంలో మా వాళ్లు గోల్ కొట్టారు. ఇక కొద్ది నిమిషాలే మిగిలాయి. నెల్లూరు మాదే, గడ్డి మాదే. పక్కనున్న ముసలామె ఎవరో కూడా తెలియదు, ఆమెను పట్టుకుని ఊపేశాను.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అప్పుడు ఆ పెద్దమనిషికి ఒక పెళ్లి గుర్తొచ్చింది.

ఉదయగిరి పిల్లాడొకడు పిక్క పట్టేసి కింద పడ్డాడు. మావాళ్లు బంతిని గీత బయటికి తన్నేస్తే ఆట ఆగింది. వాడి కాలు పట్టి లాగుతున్నారు. ఇంతలో మైకు గరగరమంది. "గౌరవనీయులు అర్జెంటుగా పెళ్లికి పోవాల్సి ఉండాది. అందువల్ల, పెనాల్టీ ఆపిన మన గోలీకి వారి చేతుల మీదుగా సన్మానం" అని మా తమ్ముడి పేరు పిలిచారు. ఉత్త పేరు కాదు, ఇంటిపేరుతో సహా పిలిచారు. జనమంతా లేచి చప్పట్లు. ఎదురుగా అందరూ నిలబడేసరికి నాకేమీ కనపడలేదు. సందులోంచి తొంగి చూస్తే మావాడు గోలు వదిలేసి స్టేజీ వైపు పరిగెత్తి వస్తున్నాడు.

శాలువా కప్పారు. దండ వేశారు. ఫొటో తీశారు. ఆ ఫొటోలో ఎవడికో కళ్లు మూసుకుపోయాయట, మళ్లీ తీశారు. పక్కవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు, మళ్లీ తీశారు. అవతల పిక్క పట్టేసినవాడు లేచి నిలబడ్డాడు. రిఫరీ బయటి ఊరి మనిషి, ఈ పెళ్లిళ్లతో ఆయనకు పనిలేదు. మావాడు గీత దాటి లోపలికి అడుగుపెట్టగానే ఆయన ఈల ఊదేశాడు. ఉదయగిరి వాళ్లు బంతిని గీత బయటి నుంచి లోపలికి విసిరారు, అందుకున్నవాడు ఖాళీ గోలును చూసి అక్కణ్నుంచే పైకి లేపి కొట్టాడు.

మా తమ్ముడు పరిగెత్తాడు. మెడలో దండ ఊగుతోంది. భుజాల మీది శాలువా జారి కాళ్లకు అడ్డం పడింది, బూటు కింద పడి పర్రున చిరిగింది. అయినా పరిగెత్తాడు. బంతి ఒక్కసారి నేలకు కొట్టుకుని, ఎవరూ లేని గోల్లోకి తాపీగా దొర్లుకుంటూ పోయింది. మైకులో ఇందాక సన్మానమని పిలిచిన మనిషే, అదే గొంతుతో, మా తమ్ముడి పేరు మళ్లీ చెప్పాడు. "ఆత్మకూరు గోలీ వదిలేసినాడు" అన్నాడు. వాడి నోట్లో మన్ను పడ!

ఒకటీ ఒకటీ, సమానం. అంతే. చేతికందింది నోటికి అందలేదు. ఉదయగిరి వాళ్లు గంతులేశారు. మా వాళ్లు రిఫరీ మీద పడ్డారు. నేను పైట బిగించుకుని నేరుగా స్టేజీ దగ్గరికి పోయాను. పెద్దమనిషి కారెక్కబోతున్నాడు.

"అయ్యా, ఆట అయినాక కప్పుంటే ఆ శాలువా ఏమన్నా అరిగిపొయ్యేదా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "ఏందమ్మా, ఆటే కదా. రెండూళ్లూ మనయ్యే. సమానం కావడమే మంచిది, ఎవురికీ మనసు కష్టం ఉండదు."

"అయితే నెల్లూరికి ఇద్దరినీ పంపిస్తారా?"

కారు తలుపు పడింది. దుమ్ము నా నోట్లో పడింది. రెండు ఎకరాల గట్టు తగాదా తీర్చినట్టు చెరిసగం చేసి పోయాడు మహానుభావుడు! ఒకడు బతుకంతా కోరుకున్న కోరికను చెరిసగం చెయ్యడానికి ఆయనెవరు? ఆ కోపంలోనే రిఫరీని పట్టుకున్నాను. ఆయన చెమట తుడుచుకుంటూ, "మీవోడు లైను లోపల ఉన్నాడమ్మా, గోలు గోలే. మిగతాది మీవోణ్నే అడుగు" అని తన సంచి తీసుకుని పోయాడు. ఏం అడగాలో నాకు అర్థం కాలేదు. పొగరుబోతు అనుకున్నాను.

మా ఆయన సోడా తెచ్చి చేతికిచ్చాడు. ఎగతాళి చేస్తాడేమో, దులిపేద్దామని చూశాను. ఆయన ఆట ఊసే ఎత్తలేదు. "ఈ రోజు మీ అమ్మ దగ్గర ఉండు. రేపు వద్దువులే" అని బస్సెక్కాడు. ఆ జాలికి నాకు ఇంకా ఒళ్లు మండింది. ఒక్క మాట అన్నా బాగుండేది, నాలుగు కడిగేసి ఉండేదాన్ని.

మర్నాడు పొద్దున లేచిన దగ్గర్నుంచీ నా నోరు మూతపడలేదు. స్టవ్వు దగ్గర పెద్దమనిషిని, బాయి దగ్గర మైకువాణ్ని, దోసె తింటూ రిఫరీని తిట్టాను. అమ్మ కూడా నాకు వంత పాడింది. మా తమ్ముడు మాత్రం వసారాలో మోకాలికి గుడ్డ కట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన మంచం మీద ఆ శాలువా. మెరుపు అంచు ఒక పక్క చిరిగి వేలాడుతోంది. దాన్ని చూడగానే నాకు మళ్లీ రేగింది.

"ఇట్టా ఇయ్యిరా దాన్ని. మిషను కింద కాళ్లు తుడుచుకోడానికి ఏసుకుంటా."

వాడు ఇవ్వలేదు. శాలువా ఒళ్లోకి లాక్కున్నాడు.

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అన్నాను. "అంత పెద్దమనిషి పిలిస్తే పోకుండా ఎట్టుంటావు? ఆ రిఫరీ అన్నా ఆపాల్సింది."

"ఆపినాడక్కా" అన్నాడు.

"ఏంది?"

"పోవద్దని చెయ్యి అడ్డం పెట్టినాడు. నేను చూసినాను. చూసే పొయినాను. ఆయన్ని తిట్టబాక."

వాడు తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆ మైకులో నా పేరు ఎప్పుడొస్తాదో నీకు తెల్దా? గోలు వదిలినప్పుడు వస్తాది. ఇన్నేళ్లలో బంతి ఆపినానని ఒక్కసారి చెప్పినారా? నిన్న ఇంటిపేరుతో పిలిచినారక్కా. నాయన పేరు కూడా అందులో ఉన్నట్టే కదా. అమ్మ ముందర కూచోని ఉండాది. కాళ్లు వాటంతట అవే పొయినాయి."

"మరి గడ్డో?" అన్నాను. "చిన్నప్పటి నుంచీ గడ్డి గడ్డి అని చంపుకు తిన్నావే, ఆ గడ్డి సంగతేంది?"

వాడు ఆ చిరిగిన అంచును వేళ్లతో సర్దుతూ కూర్చున్నాడు.

"ఆ నిమిషం గుర్తే రాలా" అన్నాడు.

నిన్నటి నుంచీ ఊరందరినీ తిట్టి తిట్టి, తీరా తిట్టాల్సినవాడు ఎదురుగా కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వాడు కూడా ఏడుస్తాడని కోపమే పట్టుకున్నాను. ఒక్క నిమిషం ఆగలేకపోయావా, సన్నాసీ! నెల్లూరులో నీ పేరు పిలవరా? అక్కడ మైకులు లేవా? ఈ బట్ట పది వేసవులు కూడా ఆగదే, దీనికా నువ్వు పరిగెత్తింది! అమ్మ లోపల్నుంచి వచ్చి మమ్మల్నిద్దర్నీ చూసి మళ్లీ లోపలికి పోయింది.

నేను పోయి అమ్మ సూదిదారం డబ్బా తెచ్చాను. వాడి ఒళ్లోంచి శాలువా లాక్కున్నాను. ఈసారి వాడు పట్టుకోలేదు, నేను చించేస్తాననుకున్నట్టు చూశాడు. మెరుపు దారం లేదు, ఉన్న పసుపు దారమే ఎక్కించి చిరుగు మొదట్లో ముడి వేశాను. కుట్టినంతసేపూ వాణ్ని తిడుతూనే ఉన్నాను, ఇంటిపేరుతో సహా పిలిచి.