బిర్యానీ పొయ్యి కింద మామిడి క్యాన్

మేము మిషిగన్‌లోని నోవైలో ఉంటాం. పోయిన వేసవిలో మావారు మెటల్ డిటెక్టర్ కొన్నారు. అప్పట్నుంచి మా వీకెండ్లన్నీ స్నేహితుడు మహేష్ వాళ్ళ పొలంలోనే తగలడ్డాయి.

పాత నాణేల మాట దేవుడెరుగు, దొరికినవన్నీ కూల్‌డ్రింక్ క్యాన్ల రింగులే. "ఒకప్పుడు ఈ రింగు పీకి పారేసి తాగేవాళ్ళు. ఇప్పటి క్యాన్లకి అది ఊడదు. అంటే యాభై ఏళ్ళుగా ఈ మట్టిని ఎవరూ కదపలేదన్నమాట," అని ఆయన తేల్చేశారు. అంతటితో ఊరుకోక, అడుగునున్నది చూద్దురుగాని రమ్మని నాలుగు కుటుంబాల్ని పిలిచారు. వాళ్ళందరికీ పులిహోర కలిపింది మాత్రం నేను.

అందరి ముందూ మోకాలి లోతు తవ్వారు. డిటెక్టర్ గట్టిగా కూసింది. బయటికొచ్చింది నొక్కుకుపోయిన మ్యాంగో జ్యూస్ క్యాన్, మన ఇండియన్ స్టోర్‌లో కొనేదే. రింగు దానికే అంటుకుని ఉంది.

మహేష్ దాన్ని తిప్పి చూసి, "అన్నా, పోయినేడు పిక్నిక్‌ల బిర్యానీ పొయ్యికి గుంత తవ్వినం గదా, ఇది అదే జాగ. క్యాన్లన్నీ అండ్ల ఏసి, ఆ పాత మట్టే మళ్ళ మీద పోసింది నువ్వే," అన్నాడు.

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కారెక్కాక, "ఇకనైనా మానేస్తారా?" అనడిగాను.

"చూశావా, క్యాన్‌ని బట్టి ఏ ఏడాదో ఇట్టే తెలిసిపోయింది," అన్నారాయన.

మరిచిపోదామన్నా వీల్లేదు. కడిగి తుడిచిన ఆ క్యాన్ ఇప్పుడు మా హాల్లో, పెళ్ళి ఫోటో పక్కనే ఉంది.