గారు అనిపించుకున్న ఉమ్మెత్త

మొన్న పొద్దున నడకకు వెళ్లి వస్తుంటే పక్కింటాయన మా ప్రహరీ దగ్గర మొలిచిన ఉమ్మెత్తను చూపించి, అది పిచ్చి మొక్క, పీకించేద్దామన్నాడు. పిల్లలు తిరిగే చోటు కనుక ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, కానీ పిచ్చి మొక్క అన్న ఆ రెండు మాటలు చెవిన పడినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ రోజుల్లో గల్ఫుకు వెళ్లొచ్చిన మీబోటివాళ్లకు ఇది చెబితే అర్థమవుతుందని మొదలుపెట్టాను.

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో తోటపని చేసేవాణ్ణి. మా ఊళ్లో దాన్నీ దుబాయే అనేవారనుకోండి. నన్నక్కడికి పిలిపించుకున్నది మా అక్క భర్త. సల్మాబాద్ క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది. బావ భవనాల పనిలో మేస్త్రీ. కేరళవాళ్లూ పంజాబువాళ్లూ కూడా ఆయన్ని పేరుతో పిలవకుండా మేస్త్రీ సాబ్ అనేవారు, ఆ సాబ్ వినబడితే చాలు ఆయన మీసం కాస్త పైకి లేచేది.

ఒకసారి బావకు మోకాలు వాచింది. సఖీర్ వైపు పనికెళ్లినప్పుడు ఎడారిలో ఉమ్మెత్త కనబడేసరికి, మన చెట్టు ఇక్కడికీ వచ్చిందని మురిసిపోయి ఆకులు తెచ్చి, వెచ్చజేసి కట్టుకున్నాడు. రసం అంటిన చేత్తోనే కళ్లు నులుముకున్నాడు కాబోలు, తెల్లారేసరికి కంటిపాపలు గోలీల్లా విప్పారి వెలుతురు చూడలేకపోయాడు. బస్సు దగ్గర సూపర్‌వైజరు ఆ కళ్లు చూసి ఏం తిన్నావని నిలదీశాడు. బావకు హిందీ అంతంతమాత్రం, అందుకని తగుదునమ్మా అని నేను ముందుకు దూకాను. ఏదో పనికిరాని మొక్క అంటే సరిపోయేది కదా, పిచ్చి మొక్కను ఉన్నదున్నట్టు హిందీలోకి దించి, పాగల్ పౌదా అనేశాను. పిచ్చెక్కించే మొక్క తిన్నాడని సూపర్‌వైజరుకు అర్థమైంది. ఆకు మోకాలికి కట్టాడని ఎంత మొత్తుకున్నా వినలేదు. డ్యూటీ ఆపి బావను గదిలో కూర్చోబెట్టారు. రెండు రోజుల తర్వాత కంపెనీ డాక్టరు వచ్చి చూస్తాడట, మత్తుమందే అన్నాడంటే ఇక ఖలాస్, ముందు పోలీసులు, తర్వాత ఇంటికి విమానం.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు, నిద్రా లేదు. జుఫైర్‌లో నేను తోట చూసే ఇంటావిడది మెక్సికో. కలుపనుకుని నేను పుదీనా మొత్తం పీకేస్తుంటే ఆవిడ ఆపి, ఏమైందని అడిగింది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి బావ కట్టుకోగా మిగిలిన ఆకు జేబులోంచి తీసి చూపించగానే గుర్తుపట్టింది. కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని, కంట్లో పడితే మాత్రం పాపలు విప్పారి నాలుగు రోజుల్లో దిగుతాయని డాక్టరుకు చూపించేందుకు కాగితం మీద రాసిచ్చింది. వాళ్ల అమ్మమ్మ మాట్లాడే నావాత్ల్ అనే పాత భాషలో దీని పేరు తొలోవాత్సిన్ అట. తొలోవా అంటే తలవంచడం, దీని ముళ్లకాయ కిందికి వేలాడుతుంది కనుక. చివరి త్సిన్ మర్యాద కోసమని చెబితే, అయితే అది మా గారు లాంటిదే అనుకున్నాను. మన ఉమ్మెత్త మాత్రం ఉన్మత్త నుంచి వచ్చిందని, అంటే అదీ పిచ్చేనని, చాలా ఏళ్ల తర్వాత ఒక తెలుగు మాస్టారు చెప్పారు.

డాక్టరు కాగితం చదివి, మోకాలి కట్టు విప్పించి చూసి, నవ్వి పంపేశాడు. ఉద్యోగం నిలిచింది. కానీ ఆనాటి నుంచి క్యాంపులో మేస్త్రీ సాబ్ లేడు, పాగల్ భాయ్ ఉన్నాడు. వంటగదిలో, బస్సులో, పని దగ్గర అదే పేరు. ఒప్పందం ముగియగానే బావ ఇక పొడిగించుకోలేదు. ఆయన ప్రయాణం రోజున ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలని తొలోవాత్సిన్ సంగతి ఎత్తితే, పెట్టెకు తాడు బిగిస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"చెట్టుకు సుత గారు వెట్టిన్రారా వాళ్లు? మంచోళ్లే. నాకున్న ఒక్క సాబ్‌ను నువ్వు ఊడవీకినవ్."

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు ఫోను చూపిస్తే ఏ మొక్కకైనా ఏ భాషలోనైనా పేరు చెబుతుంది, ఒకరి మాట ఇంకొకరు మోసి దారిలో ఒలకబోసే పని లేదు. మంచిదే. బావ పోయి తొమ్మిదేళ్లయింది. మా వైపు బావను ఒరేయ్ అనకపోతే చాలు, గారు చేర్చే అలవాటు లేదు, నేనూ ఎన్నడూ చేర్చలేదు. నిన్న ఆ ఉమ్మెత్తను నేనే పీకుతానని పక్కింటాయనను పంపేశాను. చేతికి సంచీ తొడుక్కుని వంగితే కాయలు తలలు వంచుకుని ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, బావగారూ అని ఒకసారి పిలిచి, అప్పుడు పీకాను.