లక్ష్మీకాంతమ్మ గారి గుమ్మంలో లాంగ్ జంప్

గుడివాడలో ఒక కొత్త బట్టల షాపు గుమ్మం ముందు, శ్రావణమాసం వానలో, పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళూ పంచెలు కట్టుకున్న పెద్దమనుషులూ వరసగా లాంగ్ జంప్ చేశారంటే మీరు నమ్మరు. చేశారు. చేయించింది నేనే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. హైదరాబాదులో మూడు నెలల షోరూమ్ మేనేజ్‌మెంట్ కోర్సు చేసి వచ్చానన్న పొగరు మాత్రం అరవై ఏళ్ళ మనిషికి సరిపడా ఉండేది.

మాది పెదపారుపూడి. నా పేరు సునీత. రామ్మోహనరావు గారు తన తల్లి లక్ష్మీకాంతమ్మ గారి పేరు మీద మూడంతస్తుల షాపు కట్టి, నన్ను మేనేజరుగా పెట్టుకున్నారు. ప్రారంభానికి నెల ముందు, "గుమ్మంలో వేసే మ్యాట్ సంగతి నువ్వే చూడమ్మా" అన్నారు. అదేదో అసెంబ్లీ సీటు ఇచ్చినట్టు పొంగిపోయాను.

బందరు నుంచి కరీముల్లా గారు వచ్చారు. ముప్పై ఏళ్ళుగా మ్యాట్ల వ్యాపారమే. ఆటోలోంచి నల్లగా, గరుకుగా ఉన్న నాలుగు ముక్కలు దించి నేల మీద పరిచారు. నాకవి గేదెల పాకలో పరిచేవాటిలా కనిపించాయి.

"వానాకాలం ఓపెనింగు. నాట్ల రోజులు" అన్నారాయన. "నాగాయలంక నుంచీ వస్తారు, మీ ఊరి నుంచీ వస్తారు. పొలం మట్టి కాళ్ళతోపాటే వస్తుందమ్మా. బయట గరుకుది వేస్తే మట్టి గీకుతుంది, లోపల మెత్తటిది వేస్తే తడి పీలుస్తుంది. ఒక్కో కాలు మూడుసార్లు పడేంత పొడుగుండాలి."

"మాది ఫైవ్ స్టార్ లుక్ అండీ" అన్నాను, కళ్ళద్దాలు సవరించుకుంటూ.

"లుక్కు మంచిదేనమ్మా. ఎవరైనా జారి పడితే చూడ్డానికి బాగుంటుంది" అని ఆయన తన ముక్కలు చుట్టుకుని వెళ్ళిపోయారు.

నేను తెప్పించిందేమిటో వినండి. మెరూన్ రంగు, కుందేలు పిల్లంత మెత్తన. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మధ్యలో బంగారు రంగు పద్మం, దాని కింద పెద్ద అక్షరాలతో షాపు పేరు. దాని వెనక తళతళలాడే తెల్ల గ్రానైటు. రామ్మోహనరావు గారు మురిసిపోయి ఫొటో తీసుకున్నారు. నేనైతే ఇంటికెళ్ళి అద్దంలో నన్ను నేనే అభినందించుకున్నాను.

ప్రారంభం రోజు పొద్దున్నుంచీ వాన. మొదట వచ్చింది నాగాయలంక నుంచి ఒక కుటుంబం. ముందున్నావిడ కుడికాలు ఎత్తి, కిందికి చూసి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేసింది.

"ఏవండోయ్, లక్ష్మి అని రాసుంది! పద్మం కూడా ఉంది!"

"అయితే తొక్కకు, దూకు!" అన్నాడు వాళ్ళాయన.

దూకింది. ఆమె వెనక ఆయన, ఆయన వెనక ఇద్దరు ఆడపడుచులు. అందరూ బురద కాళ్ళతో సరాసరి నా గ్రానైటు మీద వాలారు.

"పరవాలేదండీ, తొక్కండి! తొక్కడానికే వేశాం!" అని నేను అరిచాను.

"లక్ష్మిని తొక్కమంటుందేమిటి ఈ పిల్ల?" అని వెనకున్నవాళ్ళు నన్ను ఎగాదిగా చూశారు.

పది గంటలకల్లా ఒక ముసలమ్మ మ్యాట్‌కి దణ్ణం పెట్టి, జడలోని చామంతి తీసి పద్మం మీద ఉంచింది. పదకొండుకల్లా పసుపూ కుంకుమా పడ్డాయి. మ్యాట్ గుడైపోయింది, నేల మడైపోయింది. ఇంకో గంటాగితే నాట్లేసుకోవచ్చు.

సరిగ్గా అప్పుడే రామ్మోహనరావు గారు ఎవరో పెద్దాయన్ని ఆహ్వానించడానికి చేతులు జోడించి గబగబా వచ్చారు. కాలు జారింది. జోడించిన చేతులు జోడించినట్టే, కూర్చున్న భంగిమలో, పన్నెండడుగులు జారుకుంటూ వెళ్ళి, కుర్చీలో ఉన్న తల్లిగారి పాదాల దగ్గర ఆగారు.

"నూరేళ్ళు బతుకు నాయనా" అని లక్ష్మీకాంతమ్మ గారు తల మీద చెయ్యి వేసి దీవించారు. తర్వాత గుమ్మం వైపు చూశారు. "నా పేరు కాళ్ళ కింద వేసిందెవరు?"

"నేనేనండీ" అన్నాను.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు రామ్మోహనరావు గారు, నేల మీద నుంచే.

"అదెలా కుదురుతుందిరా? పాడుచేసిన పిల్లే బాగుచెయ్యాలి" అన్నారావిడ. "సాయంత్రం దాకా టైమిస్తున్నాను అమ్మాయ్."

నేను మేడ మెట్ల వెనక్కి పరుగెత్తి కరీముల్లా గారికి ఫోన్ చేశాను.

"మట్టా, అక్షరాలా?" అన్నారాయన. ఈ షాపు కబురు అప్పటికే బందరు చేరింది!

"రెండూనండీ."

ఆయన నవ్వు ఆగేదాకా ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఈలోగా పద్మం మ్యాట్ పూలతో సహా తీయించి, నేలంతా కడిగించాను. మధ్యాహ్నం రెండింటికి ఆయన ఆటో నిండా మ్యాట్లతో వచ్చారు. వస్తూనే, "నడువమ్మా, అడుగులు లెక్కపెట్టు" అన్నారు. వీధి మెట్టు నుంచి చీరల కౌంటరు దాకా ఆరుసార్లు నడిపించారు. బయట చూరు కింద కన్నాల రబ్బరు మ్యాట్, గుమ్మంలో గట్టి కొబ్బరిపీచుది, లోపల ఎనిమిదడుగుల పొడవున తడి పీల్చేది, జారకుండా అడుగున రబ్బరుతో. అన్నీ నలుపే. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

"పేరు గోడ మీదుంటే చదువుతారమ్మా, నేల మీదుంటే దూకుతారు" అన్నారు కరీముల్లా గారు.

నాలుగింటికి అసలు పరీక్ష వచ్చింది. మా ఊరి నుంచి నాట్లు ముగించుకున్న పన్నెండుమంది ఆడవాళ్ళు ఆటోల్లో దిగారు. కాలవలో కడుక్కున్నా, గట్టెక్కేసరికి మళ్ళీ చీలమండల దాకా నల్లమట్టి.

"ఏమే సునీతా, లోపలికి రావచ్చా? మళ్ళీ కడుక్కోమంటావా?" అంది ముందున్న మా పిన్ని.

"అక్కర్లేదు పిన్నీ, దర్జాగా నడిచి రా!"

ఇరవై నాలుగు కాళ్ళు. మట్టి రబ్బరు కన్నాల్లో రాలింది. మిగిలింది పీచు గీకేసింది. తడిని లోపలి మ్యాట్ తాగేసింది. లక్ష్మీకాంతమ్మ గారు కుర్చీలోంచి లేచి, తెల్ల చేతిరుమాలుతో గ్రానైటు తుడిచి, అందరికీ పైకెత్తి చూపించారు. మల్లెపువ్వులా ఉంది! పన్నెండుమందీ చప్పట్లు కొట్టారు.

"రేపు తొందరగా రామ్మా" అన్నారు రామ్మోహనరావు గారు, నడుం పట్టుకుని.

ఆ వారంలోనే గుడివాడలో రెండు ఆస్పత్రులవాళ్ళూ బందరులో ఒక షాపింగ్ కాంప్లెక్సువాళ్ళూ మా గుమ్మం చూసి, తమకూ అలాంటివే కావాలన్నారు. ఇప్పుడు కరీముల్లా గారూ నేనూ కలిసి కృష్ణా జిల్లా గుమ్మాలన్నీ కొలుస్తున్నాం. ఏ భవనంలో అడుగుపెట్టినా ముందు నా కళ్ళు నేలకే వెళ్తాయి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు నన్ను చూసి ఎంత అణకువగల పిల్లో అనుకుంటున్నారు.

మొన్న అవనిగడ్డలో ఒక కల్యాణ మండపం యజమాని పిలిచారు. "మ్యాట్ మీద ఒక పేరు వేయించాలమ్మా" అన్నారు.

"దేవుళ్ళ పేర్లు వేయమండీ."

"దేవుడు కాదు, మా బావమరిది. ఎదురుగా ఇంకో మండపం కట్టాడు. జనం ఎంత తొక్కితే నాకంత తృప్తి."

కుదరదని చెప్పి బయటికొస్తే, ఎదురు మండపం గుమ్మంలో ఆ బావమరిది గారు చెయ్యి ఊపుతూ పిలుస్తున్నారు. ఆయనకు కావలసింది ఈ బావగారి పేరు.

అందుచేత పాఠకులారా, కొలత టేపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నా ప్రాణం ఉన్నంత వరకూ ఏ గుమ్మంలోనూ, దేవతలదైనా తల్లులదైనా, బావలదైనా బావమరుదులదైనా, ఒక్క పేరు కూడా నేల మీద పరచను. అంతగా తొక్కించాలనుంటే ఆ పేరుగలవాళ్ళనే వచ్చి పడుకోమంటాను.