నోరు పెగలని రూబెన్ మాస్టారు

రూబెన్ గ్యాడ్సన్ మా తరగతి గదిలోకి రావాలంటే గుమ్మంలో తల వంచాలి. అంతటి మనిషి ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పడానికి వచ్చాడంటే మా దక్షిణ కరోలినా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. మా నల్లవాళ్ళలో మగ పంతుళ్ళు బొత్తిగా లేరని కాలేజీవాళ్ళు ఒక పథకం పెట్టారు. చేరినవాళ్ళకు ఫీజు కట్టి, మెడకు టై కట్టించి, వెన్నంటి ఉండి చదివిస్తారు. రూబెన్ అందులో చేరాడు. ఊళ్ళో ఎదురైనవాళ్ళంతా, "ఏ ఆట నేర్పుతావురా?" అని అడిగేవాళ్ళు.

"చదవడం నేర్పుతా."

"అది సరేలే. ఫుట్‌బాలా, బాస్కెట్‌బాలా?"

అతని శిక్షణ నేను పాఠాలు చెప్పే తరగతిలోనే. పిల్లలతో ఉంటే రూబెన్ అంత వాగుడుకాయ ఇంకొకడు లేడు. వెనక పెద్దవాళ్ళెవరైనా కూర్చుంటే మాత్రం కొయ్యబారిపోతాడు. కాలేజీ నుంచి ప్రొఫెసర్ డాక్టర్ పింక్నీ పాఠం చూడ్డానికి మొదటిసారి వచ్చినప్పుడు పిల్లలకు గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేకపోయాడు. రెండోసారీ అంతే అయితే పథకంలోంచి ఇంటికి పంపేస్తారు.

ఆ రెండోసారి రానే వచ్చింది.

"టీచరమ్మా, కడుపులో తిప్పుతోంది," అన్నాడు పొద్దున్నే.

"తిప్పనీ. పాఠం చెప్పేది నోటితో," అన్నాను. నాకు జాలి తక్కువ. పైగా నాకూ భయంగానే ఉంది.

పింక్నీగారు వెనక కూర్చున్నారు. రూబెన్ బోర్డు మీద కప్ప బొమ్మ వేసి ఇటు తిరిగాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. చెమట మాత్రం ధారగా వచ్చింది.

మా చర్చిలో బోధకుడు బాగా చెబితే జనం "ఆమెన్" అంటారు. తడబడితే "నిదానంగా కానీ" అని ధైర్యం చెబుతారు. అప్పటికీ లాభం లేకపోతే దేవుడికి మొరపెట్టుకుంటారు. ఆ మొర వినబడిందంటే బోధకుడి పరువు గంగలో కలిసినట్టే. నా పిల్లలందరిదీ ఆ చర్చే.

ముందు వరసలో ఇమానీ అచ్చం వాళ్ళ నాయనమ్మలా నిట్టూర్చింది. "నిదానంగా కానీ మాస్టారూ."

తరగతంతా అందుకుంది. "తొందరేం లేదు మాస్టారూ." "మేమున్నాంగా."

కిటికీ పక్కనున్న లీరాయ్‌కి అది చాల్లేదు. కళ్ళు మూసుకుని చెయ్యి పైకెత్తాడు. "ప్రభువా, ఈయనకి సాయం చెయ్యి."

నాకు తల కొట్టేసినట్టయింది. రూబెన్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతోపాటే గొంతూ వచ్చింది. కప్ప పేరులోని ఒక్కో అక్షరం పలికిస్తుంటే పిల్లలు ఒక్కోదానికీ "ఆమెన్" కొట్టారు. చివరికి లీరాయ్ ఆ మాట మొత్తం ఒక్కడే చదివేశాడు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

పిల్లలు భోజనానికి వెళ్ళాక సంజాయిషీ మొదలుపెట్టాను. "ఏమనుకోకండి డాక్టరుగారూ, మా పిల్లలకి బడికీ చర్చికీ తేడా తెలీదు."

ఆయన రూబెన్ చెయ్యి పట్టుకుని, "పాసయ్యావు నాయనా," అన్నారు. ఆ చెయ్యి వదలకుండానే నావైపు తిరిగారు.

"నేను మొట్టమొదట పాఠం చెప్పినరోజు నాకూ నోరు పెగల్లేదమ్మా. ఆ బడి మొత్తానికి నల్లవాణ్ణి నేనొక్కణ్ణే. 'నిదానంగా కానీ' అన్నవాళ్ళు ఒక్కళ్ళూ లేరు."